పదహారు కోర్లూ, ఒక ఉప్పు పొట్లమూ

పెద్దమ్మ పోయిన మూడో రోజు పొద్దున, పిట్టకు, అంటే కాకికి, పెట్టడానికి జనగామలోని మా ఇంట్లో వంట మొదలైంది. విస్తరాకుల కట్ట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అది తెలిసిన మనిషికే ఆ పూట విస్తరి వేయాలి కాబట్టి అడగడానికీ లేదు. వెతుక్కుంటూ ముందు అర్రలోకి వెళ్ళి, పాత బల్ల సొరుగు లాగితే విస్తళ్ళు లేవు గానీ ఒక ఉప్పు పొట్లం కనబడింది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. లోపలి దొడ్డుప్పు చెమ్మకు కరిగి, మళ్ళీ ఎండి, రాయిలాగా అయిపోయింది. చుట్టిన కాగితం పసుపుపచ్చగా మారినా దాని మీది అక్షరాలు పోలేదు. అచ్చులో ఉన్న ఆ మాటలు నేను రాసినవే. "జనగామలో మొట్టమొదటిసారి నాలుగు కోర్ల కంప్యూటర్. ఇక ఆగేది లేదు, ఎదురుచూసేది లేదు." రెండు వాక్యాల చివరా మూడేసి ఆశ్చర్యార్థకాలు కూడా పెట్టాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఆ వయసులో ఉన్న తెలివికి ఆరుతో సరిపెట్టడం తక్కువే.

నేను ఆ పొట్లం పట్టుకుని నిలబడి ఉండగా వరుణ్ తలుపు దగ్గరికి వచ్చాడు. వాడు మా శీనన్న కొడుకు. శీనన్న పెద్దమ్మకు ఒక్కగానొక్క కొడుకు, నాకన్నా ఐదేళ్ళు పెద్ద. వరుణ్ హైదరాబాదులో ఇంజినీరింగ్ మొదటి ఏడాది చదువుతున్నాడు. నానమ్మ పోయిందని వచ్చిన రోజు వాడు నిజంగానే ఏడ్చాడు, కాదనను. ఆ కన్నీళ్ళు రెండు రోజులకు ఆరాయి. మూడో రోజుకు అసలు సంగతి అడిగాడు. "బాబాయ్, గేములకు పదహారు కోర్లది తీస్కోమంటవా, ఎనిమిది సరిపోతయంటవా?"

భూపాలపల్లిలో నాది కంప్యూటర్ల దుకాణం. అమ్ముతాను, బాగుచేస్తాను, తీరిక దొరికితే ఇట్లాంటివి రాసుకుంటాను. ఈ ప్రశ్న వినీ వినీ నా చెవులు కాయలు కాశాయి. ప్రాసెసర్ అంటే కంప్యూటర్ బుర్ర, కోర్ అంటే ఆ బుర్రలో ఉండే ఒక పనిమనిషి అనుకోండి. పూర్వం ఒక్కడే ఉండేవాడు. తరువాత ఇద్దరయ్యారు, నలుగురయ్యారు, ఇప్పుడు పదహారు మంది. మనుషులు పెరిగితే పని పరుగెత్తుతుందని జనం నమ్మకం. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనవుతుందని చెప్పిన జాతే దుకాణంలోకి రాగానే ఆ మాట గడప అవతల విడిచి వస్తుంది. మొన్నీమధ్య కాటారం నుంచి ఒక రైతు, తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఎన్ని ఎక్కువ కోర్లు ఉంటే అన్నీ పెట్టమన్నాడు, పిల్లగాడు వెనకబడొద్దట. నేను ఆయన్ని ఒకటే అడిగాను. మీ పొలంలో నాటు వేయడానికి పదహారు మంది వచ్చారు, నారు పీకి అందించేది మాత్రం ఒక్కరే, ఏమవుతుంది అని. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. పదిహేను మంది గట్టు మీద కూర్చుంటారన్నాడు. అంత చక్కగా చెప్పి, అంత తెలిసీ, పదహారు కోర్లదే పట్టుకుపోయాడు.

ఆటలో కూడా నారు అందించే మనిషి ఒకరుంటారు. తెర మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారు, గుండు ఎవరికి తగిలింది, తలుపు తెరుచుకుందా లేదా, ఇవన్నీ వరసగా తేల్చే పని ఒకటి ఉంటుంది. అది తేలేదాకా బొమ్మ గీసేవాడు గీయలేడు, చప్పుడు చేసేవాడు చేయలేడు. నా చిన్నప్పటి ఆటల్లో ఈ పనంతా ఒక్క కోర్ మీదే పడేది. మిగతావి పక్కన ఉన్నాయన్న సంగతి కూడా ఆటకు తెలియదు. ఇప్పుడు ఇంత తేలికగా చెబుతున్నానని నేను ఎక్కడో చదివి నేర్చుకున్నాననుకోవద్దు. పుట్టినప్పటి నుంచి మా వంటింట్లో రోజుకు రెండు పూటలా ఇదే చూశాను. చూసి కూడా నాకు అర్థం కాలేదు. నా మీద నాకు రోత పుట్టేది అక్కడే.

జనగామలో రైలుకట్టకు దగ్గరలోనే మా ఇల్లు. రైలు పోతే వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగేవి. పెద్దబాపు, బాపు, చిన్నబాపు, ముగ్గురన్నదమ్ములూ ఒక్క పొయ్యి మీదే తినేవారు. ఆడవాళ్ళు ముగ్గురు, పెద్దమ్మ, అమ్మ, చిన్నమ్మ. పొద్దున్నే వంటింట్లో ఒకరు పుంటికూర తుంచేవారు, ఒకరు రోట్లో కారం నూరేవారు, ఒకరు జొన్నరొట్టెలు తట్టేవారు. ఎల్లిపాయ పోపు వాసన వీధి దాకా వచ్చేది. చూసినవాళ్ళు ఆ ముగ్గురి పొందికకు ముచ్చటపడేవారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి చేతులూ ఆగేవి. మా ఇంట్లో ఉప్పు పెద్దమ్మ ఒక్కతే వేయాలి. నేను పుట్టకముందు ఒక బోనాల పండుగనాడు కోడళ్ళిద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు మాంసం కూరలో ఉప్పు వేశారట. చుట్టాల ముందు గంగాళం నిండా కూర పారబోయాల్సి వచ్చిందట. అప్పుడు మా నాయనమ్మ, "గీ ఇంట్ల ఉప్పు ఒక్క చెయ్యే ఎయ్యాలె" అని శాసించి, పెద్ద కోడలి చెయ్యి చూపించింది. నాయనమ్మ పోయింది. ఆమె మాట మాత్రం పొయ్యి పక్కనే కూర్చుండిపోయింది.

దానితో ఏమయ్యేదంటే, పెద్దమ్మ బర్రె దగ్గర ఉంటే పప్పు ఆగేది, బోరింగు దగ్గర ఉంటే పులుసు ఆగేది. "అక్కా, ఉప్పు" అని చిన్నమ్మ వంటింట్లో నుంచి కేకేసి, గరిటె చేతిలో పట్టుకుని ఊరికే నిలబడేది. పక్కనే ఉప్పు జాడీ ఉండేది. చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా పప్పు అడుగంటి మాడు వాసన వచ్చేదాకా నిలబడేది కానీ ముట్టేది కాదు. పెద్దమ్మ చీర కుచ్చిళ్ళకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, జాడీలో చెయ్యి పెట్టి, కొలిచినట్టు మూడు వేళ్ళతో తీసి వేసేది. రుచి చూసేది కాదు. ఆమె చేతి ఉప్పు ఒక్కనాడు ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. అందుకే ఆ నియమం తప్పని ఎవరికీ తోచలేదు. పని బాగా చేసే మనిషి నెత్తిన ఇంకొంచెం పని పెట్టడాన్ని మా ఇంట్లో గౌరవం అనేవారు.

ఆమె పుట్టిల్లు తొర్రూరు దగ్గర ఒక పల్లె. ఏడాదికి రెండుసార్లు అక్కడికి పోయేది. పోయే ముందు కాగితాలు చింపి, పూటకు ఒకటి లెక్కన ఉప్పు పొట్లాలు కట్టి వంటింటి గూట్లో వరసగా పెట్టేది. ఇది పొద్దటి పప్పుకు, ఇది మాపటి కూరకు అని చూపించి బస్సెక్కేది. అమ్మా చిన్నమ్మా ఆ పొట్లాలు విప్పి వేసేవారు. ఇద్దరూ పెళ్ళికి ముందు తమ పుట్టిళ్ళలో వంట చేసినవాళ్ళే, ఉప్పెంతో తెలియనివాళ్ళు కారు. అయినా ఈ గడప తొక్కాక ఆ తెలివి అక్కర్లేకుండా పోయింది. ఆ గూట్లో పొట్లాలు కనబడ్డాయంటే పెద్దమ్మ ఊరికి పోతోందని మాకు గుర్తు. ఇది గుర్తుంచుకోండి, మేము మరిచిపోయాం.

మగవాళ్ళ సంగతి చెప్పకపోవడమే మర్యాద. కానీ నాకు మర్యాద తక్కువ. పెద్దబాపు పొద్దున లేస్తే చుట్ట ముట్టించి రేడియోకు చెవి ఆనించేవాడు. బాపు పేపరు చదివేవాడు, ప్రకటనలతో సహా. చిన్నబాపు తిని పడుకునేవాడు, లేచి తినేవాడు. ముగ్గురూ బజార్లోని సైకిళ్ళ దుకాణానికి వంతులవారీగా వెళ్ళాలి. ఎవరి వంతు అనే చర్చ అయ్యేసరికి ఎండెక్కేది. ఒక్కొక్కరిని చూస్తే మంచివాళ్ళే. ముగ్గురూ కలిస్తే మాత్రం ఒక మనిషి పని కూడా తెమిలేది కాదు.

ఇట్లాంటి ఇంట్లో శీనన్నా నేనూ ముందు అర్రలో గేముల సెంటర్ తెరిచాం. ఆరు కంప్యూటర్లు, అట్టలతో కట్టిన గోడలు, పైన ఒక ఫ్యాను. కాలేజీ పిల్లల చెమట, వేడెక్కిన ప్లాస్టిక్, గోడ అవతల నుంచి వచ్చే పోపు, మూడు వాసనలూ కలిసి ఒక వాసన అయ్యేవి. ఇప్పటికీ ఏ కంప్యూటర్ మూత విప్పినా నా ముక్కు ఎల్లిపాయ కోసం వెతుకుతుంది. ఆరింటిలో ఒకటి ఒంటి కోర్ది. అందరూ దాన్ని ముసల్ది అనేవారు. కానీ కార్ల రేసు ఆడాలంటే దాని ముందే వరస కట్టేవారు. అది ఎందుకు బాగా నడుస్తుందో ఆలోచించే బుద్ధి నాకు లేదు. నాకు పత్రికలో బొమ్మ చూసి నమ్మే బుద్ధి ఉంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ వచ్చిందని చదివి నెలరోజులు శీనన్న చెవిలో జోరీగలాగా తిరిగాను. ఒకటి నాలుగైతే వేగం నాలుగింతలవుతుందని బల్లగుద్ది చెప్పాను. డిగ్రీ చదివే తమ్ముడు బల్లగుద్దితే పదో తరగతితో ఆపేసిన అన్న ఏమంటాడు? నమ్మాడు. హైదరాబాదు పోయి పట్టుకొచ్చాం. పాంప్లెట్లు అంతకు ముందే వేయించాం. బస్టాండులో పంచగా మిగిలిన కట్ట వంటింట్లోకి చేరింది. పెద్దమ్మ ఏ కాగితాన్నీ పారేసేది కాదు, పొట్లాలకు పనికొస్తుందని దాచేది.

కంప్యూటర్ వచ్చిన మరునాడు ప్రారంభం పెట్టుకున్నాం. ఆ ముందురోజు మధ్యాహ్నం పెద్దమ్మకు కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. మా వాడకట్టు ఆరెంపీ డాక్టర్ వచ్చి బీపీ రెండుసార్లు చూశాడు. రెండోసారి చూశాక ఆయన మొహం మారింది. రేపు పొద్దున్నే హన్మకొండలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, ఆలస్యం చేయొద్దని చెప్పి చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని బాపు అందరికీ వినబడేలా చదివాడు. ఇంట్లో ఏడుగురం ఉన్నాం. పోదాం అని ఏడుగురమూ అన్నాం. ఎవరు తీసుకుపోతారన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

తెల్లవారింది. శీనన్న కొబ్బరికాయ కొట్టాడు. అర్ర నిండా పిల్లలు. కొత్త కంప్యూటర్ మీద కార్ల రేసు పెట్టాం. మలుపు దగ్గర కారు తడబడింది, బొమ్మ ఆగి ఆగి వచ్చింది. పక్కన ముసల్ది అదే ఆటను నున్నగా నడిపిస్తోంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెట్టింగులు మార్చాను, ఆట తీసేసి మళ్ళీ ఎక్కించాను, మూత విప్పి తీగలు పీకి పెట్టాను. చివరికి ఏ కోర్ ఎంత పని చేస్తోందో చూపించే పట్టీ తెరిచాను. నాలుగు చిన్న గళ్ళు వచ్చాయి. మొదటి గడిలో ఆకుపచ్చ గీత నెత్తి దాకా నిండిపోయింది. మిగతా మూడింటిలో గీత అడుగున చాప పరుచుకుని పడుకుంది. పని చేస్తున్న ఆ ఒక్కటి కూడా వేగంలో ముసల్దానికన్నా తక్కువదే. నలుగురున్నారన్న ధీమాతో ఒక్కొక్కరినీ నెమ్మదిగా నడిచేలా తయారుచేసి పంపారు. ఆటకేమో నలుగురితో పని చేయించుకోవడం రాదు. ఆ నాలుగు గళ్ళ ముందు కూర్చుని నేను మధ్యాహ్నం దాకా తల పట్టుకున్నాను.

గోడ అవతల గద్దె మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. ముదురాకుపచ్చ నేత చీర కట్టింది. అది పెళ్ళిళ్ళకు తప్ప పెట్టెలో నుంచి బయటికి రాని చీర. పక్కన గుడ్డ సంచి, అందులో చీటీ, ఒక తువ్వాల, నీళ్ళ సీసా. నేను మూడుసార్లు ఆమె ముందు నుంచి నడిచాను. మొదటిసారి చీర చూసి, శీనన్న తీసుకుపోతున్నాడు కాబోలు అనుకున్నాను. కన్నకొడుకు కదా. రెండోసారి ఆమే పలకరించింది. "అయ్యిందా బిడ్డ పని?" ఇంకా కాలేదు పెద్దమ్మా, సతాయిస్తోంది అని చెప్పి లోపలికి పోయాను. ఆమె నా కంప్యూటర్ గురించి బెంగపడుతోందని అనుకున్నాను. మూడోసారి చేతిలో పొడుగాటి కేబుల్ ఉంది, తొందరలో ఆమె కాళ్ళు దాటేసి వెళ్ళాను. తన కాళ్ళు కొంచెం లోపలికి ముడుచుకుని దారి ఇచ్చింది.

శీనన్న, స్కూటర్ నాది కాబట్టి నేను తీసుకుపోతాననుకున్నాడట. చీటీ చదివింది తాను కాబట్టి తన వంతు తీరిందని బాపు అనుకున్నాడు. ఇంత పెద్ద కొడుకుండగా తానెందుకని పెద్దబాపు. అన్నలుండగా తనకేం పని అని చిన్నబాపు. ఇది మగవాళ్ళ పనే కదా అని అమ్మా చిన్నమ్మా. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చింది అని మా ఊళ్ళో అంటారు. సామెత అందరికీ వచ్చు. సాయంత్రం నాలుగింటికి గుడ్డ సంచి గద్దె మీద నుంచి కింద పడ్డ చప్పుడైంది. చిన్నమ్మ వెళ్ళి చూస్తే పెద్దమ్మ మూతి ఒక పక్కకు జారి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో వస్తువులాగా పడి ఉంది. అప్పుడు లేచాం, ఏడుగురమూ ఒక్కసారిగా. అడ్డదిడ్డంగా పరుగెత్తి, ఇద్దరం రెండు ఆటోలు పిలుచుకొచ్చాం. ఎందులో ఎక్కించాలో తేలడానికి మళ్ళీ కొంతసేపు పట్టింది.

మరునాడు బట్టల కోసం నేను హన్మకొండ నుంచి ఇంటికి వచ్చాను. వంటింటి గూట్లో ఉప్పు పొట్లాలు కనబడ్డాయి. రెండు రోజులకు సరిపడా కట్టినవాటిలో మిగిలినవి, వరసగా. ముందురోజు పొద్దున ఏడుగురిలో ఎవరో ఒకరు తనను తీసుకుపోతారని నమ్మి, చీర కట్టుకోకముందే ఆమె కట్టి పెట్టినవి. ముందురోజంతా అవి ఆ గూట్లోనే ఉన్నాయి. అమ్మా చిన్నమ్మా వాటిలో నుంచే విప్పుకుని వండారు, మేమంతా తిన్నాం. ఇంకా ఇక్కడే ఉన్నావేమని ఒక్కరూ ఆమెను అడగలేదు. అన్నిటికంటే చివరి పొట్లం మీద నా అక్షరాలు పైకి ఉన్నాయి. ఎదురుచూసేది లేదట. చూడలేక దాన్ని తీసి ముందు అర్రలో సొరుగులో పడేశాను. ఆ తరువాత తెలిసింది, పొట్లం ఒకటి తక్కువైందని చిన్నమ్మ పరేషాన్ అయిందట. ఉన్నదాన్నే రెండు సగాలు చేసి రెండు పూటలు సరిపెట్టిందట. జాడీ నిండా ఉప్పు ఉంది. అయినా అందులో చెయ్యి పెట్టలేదు.

కొన్ని వారాలకు పెద్దమ్మకు మాట తిరిగి వచ్చింది, చెయ్యి రాలేదు. మాట వచ్చాక నన్ను అడిగిన మొదటి సంగతి, మీ కంప్యూటర్ బాగైందా అని. బాగైందని అబద్ధం చెప్పాను. అన్నాళ్ళూ లోపల తొలుస్తున్న మాట అప్పుడు అడిగేశాను. ఆ రోజు నన్నెందుకు పిలవలేదు, ఒక్క కేక వేస్తే రానా అన్నాను. ఆమె ఎడమచేత్తో నోటి అంచు తుడుచుకుని, ఒక్కొక్క మాటే కూడగట్టుకుంది. "అందరు ఇంట్లనే ఉన్నరు గదరా. ఎవలో ఒకలు లేస్తరనుకున్న." ఆ గొంతులో నిష్ఠూరం ఉంటే నాకు బాగుండేది. వెతికాను, లేదు.

ఇంత జరిగాక మా ఇల్లు మారిందనుకుంటారేమో. మా ఇంటిని అంత తక్కువ అంచనా వేయకండి. చేతులు తక్కువయ్యాయని శీనన్నకు హడావిడిగా పెళ్ళి చేశాం. అంటే ఇంకో కోర్ తెచ్చి తగిలించాం. వదిన నెమ్మదస్తురాలు, వచ్చిన వారానికే గరిటె పట్టుకుని నిలబడడం నేర్చుకుంది. పెద్దమ్మను ప్లాస్టిక్ కుర్చీలో పొయ్యి దగ్గరికి మోసుకొచ్చేవాళ్ళం. ఆమె ఎడమచేత్తో ఉప్పు వేసేది. ఆ చేతికి లెక్క తెలియదు. ఒకపూట ఎక్కువయ్యేది, ఒకపూట తక్కువ. మేము మారు మాట్లాడకుండా తినేవాళ్ళం, దాన్ని ప్రేమ అనుకునేవాళ్ళం. కడపటి ఏడాది మంచంలోనే ఉంటే గిన్నె మంచం దగ్గరికి పోయేది. ఆమెను ఆ ఉప్పు నుంచి విడిపించాలని ఒక్కరికైనా తోచలేదు. నాకూ తోచలేదు. నేను కంప్యూటర్లు బాగుచేయడంలో తీరిక లేకుండా ఉన్నాను.

ఇదంతా నేను వరుణ్‌కు చెప్పలేదు. ఎనిమిది చాలురా, ఆ పైవన్నీ గట్టు మీద కూర్చునేవే, ఒక్కొక్క కోర్ ఎంత చురుకో చూడు, బొమ్మలు గీసే కార్డు మంచిది తీసుకో అన్నాను. మా కాలం ఆటలు ఒక్కదాని మీదే పడి ఏడ్చేవని కూడా కొంత వెటకారంగానే అన్నాను. వాడు నవ్వాడు. "ఇప్పటి గేములు గట్ల లేవు బాబాయ్. పని పంచుకుంటయ్." నిజమే, వాడు చెప్పింది తప్పు కాదు. ఆటలు తయారుచేసేవాళ్ళు పడీ లేచీ నేర్చుకున్నారు. ఏ పని ఎవరిదో ముందే పంచి పెడతారు, ఖాళీగా ఉన్నవాడు ఎదురుచూడకుండా తరువాతి పని అందుకుంటాడు. ఇప్పటికీ ఒకరి చేతి కోసం ఆగే పని కొంత ఉంటుంది గానీ, దాన్ని తగ్గించడానికే వాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటారు. తుపాకులు కాల్చుకునే ఆటకు పట్టుబడిన ఈ ఇంగితం మా ఇంటికి పట్టుబడలేదు. మా ఇంటి వరకూ ఎందుకు, కిందటేడు నా భార్య మానుకోటలోని పుట్టింటికి పోతే, భూపాలపల్లిలో మా వంటింట్లో నిలబడి ఉప్పు ఎక్కడుందని ఫోన్ చేశాను. నీ ముంగటనే ఉన్నది, కండ్లు తెరువు అని పెట్టేసింది. నిజంగానే ముందరే ఉంది.

వరుణ్ నా చేతిలోది ఏమిటని అడిగాడు. ఏం లేదని అంగీ జేబులో వేసుకున్నాను. అప్పటికి విస్తళ్ళు ఎవరికో దొరికాయి. అమ్మ, చిన్నమ్మ, వదిన ముగ్గురూ కలిసి పెద్దమ్మకు ఇష్టమైనవన్నీ చేశారు. పుంటికూర పప్పు, గోకరకాయ కూర, పచ్చిపులుసు. డాబా మీద విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి మెతుకు ముట్టింది. పిట్ట ముట్టిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు, అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తరువాత కిందికి వచ్చి వరసగా కూర్చున్నాం. పెద్దబాపు పోయి కొన్నేళ్ళయింది, ఇక బాపు, చిన్నబాపు, శీనన్న, వరుణ్, నేను.

మొదటి ముద్దకే తెలిసింది, పప్పులో ఉప్పు లేదు. కూరలోనూ లేదు, పులుసులోనూ లేదు. వండిన ముగ్గురిలో ప్రతి ఒక్కరూ రెండో మనిషి వేసిందనుకున్నారు. బాపు చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. చిన్నబాపు నీళ్ళు తాగాడు. శీనన్న తల ఎత్తకుండా కలుపుతూనే ఉన్నాడు, అన్న కళ్ళల్లో నుంచి రెండు చుక్కలు విస్తట్లో పడ్డాయి. వరుణ్ తండ్రి వంక చూసి, మామిడి తొక్కు ఇంకొంచెం వేసుకున్నాడు. వాడూ మా ఇంటివాడే, నేర్చుకుంటున్నాడు. తలుపు దగ్గర అమ్మ, చిన్నమ్మ, వదిన ఖాళీ చేతులతో నిలబడి ఉన్నారు. నా జేబులో పెద్దమ్మ కుడిచేత్తో కట్టిన ఉప్పు పొట్లం ఉంది. ఎవరో ఒకరు లేస్తారని చూస్తూ నేనూ ఆ చప్పటి పప్పు కలుపుకున్నాను.